ఇవ్వడం కుదరదని నేను సంతకం పెట్టిన జాబితా

ఉద్యోగంలో చివరి ఏడేళ్లు నా పని సమాచారం ఇవ్వడం. నిజం చెప్పాలంటే, ఆ ఏడేళ్లలో ఎక్కువ భాగం ఇవ్వకుండా ఉండడానికే జీతం తీసుకున్నాను.

సికింద్రాబాద్‌లో రైతుల వ్యవహారాలు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను పౌర సమాచార అధికారిని. సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా పది రూపాయల ఫీజు కట్టి కాగితం పెడితే, ముప్పై రోజుల్లోపు దానికి జవాబు రాసి సంతకం పెట్టాలి. నా పేరు గ్రేస్ కుమారి. ఆఫీసులో అందరికీ గ్రేస్ మేడం. ఇల్లు అల్వాల్‌లో. రిటైరై మూడేళ్లు దాటింది.

ఈమధ్య మా చర్చిలో ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. మా శాఖలోనే కొత్తగా చేరిందట, ఆర్టీఐ సీటు ఇచ్చారట. "ఆంటీ, ఈ సీట్లో భయపడాల్సిందేమైనా ఉందా?" అని అడిగింది. "ఏం లేదమ్మా, జవాబులకు ఫార్మాట్లుంటాయి" అనబోయి ఆగిపోయాను. నన్ను పాడుచేసిన మాట సరిగ్గా అదే. అందుకే ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ పదోన్నతి వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు.

నాలుగు జవాబులు

ఆ సీటు నాకు అప్పగించిన ఆయన ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "దీంట్ల నాలుగు జవాబులున్నయి మేడం. ఎవరేమడిగినా నాలుగిట్ల ఒకటి సరిపోతది" అన్నాడు.

మొదటిది, మీరడిగిన సమాచారం ఈ కార్యాలయంలో లేదు. రెండోది, మీ దరఖాస్తును వేరే కార్యాలయానికి బదిలీ చేశాం. మూడోది, మీరడిగినది ఇతరుల వ్యక్తిగత సమాచారం కాబట్టి ఇవ్వడం కుదరదు. నాలుగోది, ఇంత సమాచారం సేకరించాలంటే కార్యాలయం పని ఆగిపోతుంది. పేరు, తేదీ మార్చి ప్రింటు తీయడమే. చట్టం పుస్తకం నా సొరుగులోనే ఉండేది. మినహాయింపులున్న ఎనిమిదో సెక్షన్ పేజీలు చేతిమరకలతో నల్లబడ్డాయి. సబ్సిడీలు ఎవరికిచ్చారో ఎవరూ అడక్కముందే ప్రభుత్వమే బయటపెట్టాలని చెప్పే నాలుగో సెక్షన్ పేజీలు కొత్త నోటులా ఫెళఫెళలాడేవి.

దీన్ని సోమరితనం అనుకోకండి, అంతకంటే చెడ్డది. జవాబు ఇవ్వకపోతే ఆఫీసులో ఎవరికీ కోపం రాదు, ఇస్తే ఎవరో ఒకరికి వస్తుంది. కుర్చీలో కూర్చున్న నెల రోజుల్లో ఆ సంగతి ఒంటికి పట్టేస్తుంది.

నాకు మరో పద్ధతి తెలియక కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మెదక్ వైపు పనిచేశాను. అక్కడ సత్తయ్య గారని సూపరింటెండెంట్ ఉండేవారు. ఒక కరువు ఏడాది రైతులకు సాయం వచ్చింది. ఆయన జాబితా పట్టుకుని ఊరికి వెళ్లి, పంచాయతీ ముందు అరుగు మీద నిలబడి ఒక్కో పేరూ గట్టిగా చదివారు. ఒక పేరు దగ్గర జనం గొల్లున నవ్వారు. ఆ మనిషి చనిపోయి చాలా కాలమైందట. ఇంకో పేరు దగ్గర ఒకాయన లేచి, "గాయన నా తమ్ముడే సారూ, బావి ఎండి రెండేండ్ల సంది పట్నంల ఆటో నడుపుతుండు, రాయొద్దు" అన్నాడు. సాయంత్రం జీపులో సత్తయ్య గారు నాతో, "ఆఫీసుల నెల రోజులు తనిఖీ చేసినం. మనకు దొరకని తప్పు ఊర్ల అర్ధగంటల దొరికింది సూడు" అన్నారు. అది విన్నదాన్ని, కళ్లతో చూసినదాన్ని, ముప్పై ఏళ్ల తర్వాత అదే రకం జాబితాను బీరువాలో పెట్టి తాళం వేశాను.

కరోనా సాయం

లాక్‌డౌన్‌లో మార్కెట్లు మూతపడ్డాయి. తెరిచిన చోట కొనేవాళ్లు లేరు. శామీర్‌పేట, మేడ్చల్ వైపు నుంచి రోజూ తెల్లవారకముందే మోండా మార్కెట్‌కు చేరాల్సిన కూరగాయలు పొలాల్లోనే కుళ్లాయి. టమాటాలు కాలవల్లో పారబోసిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ నష్టానికి కూరగాయల రైతులకు సాయం ఇస్తామని మాకు ఉత్తర్వు వచ్చింది. అందులో "సాగు చేసిన రైతుకు" అని స్పష్టంగా ఉంది. భూమి ఎవరిదని లేదు, పంట ఎవరు పండించారని ఉంది. ఉత్తర్వు రాసినవాళ్లెవరో పొలం తెలిసినవాళ్లే.

మా క్షేత్రాధికారులు మూతికి గుడ్డ కట్టుకుని పొలం పొలం తిరిగి పేర్లు రాసుకొచ్చారు. జబ్బు ఎలా అంటుతుందో కూడా సరిగా తెలియని రోజులవి. వాళ్లు తెచ్చిన రిజిస్టర్లు మా ఆఫీసుకు వచ్చాయి. మాలో సగం మంది ఒకరోజు, సగం మంది మర్నాడు డ్యూటీ చేస్తున్నాం. అప్పుడు పైనుంచి ఒక ఫోన్ వచ్చింది. పట్టాదారు పాస్‌బుక్కు నంబరు ఉన్న పేర్లనే కంప్యూటరు తీసుకుంటోంది, కౌలుదార్ల పేర్లు తీసేసి ఆ భూమి పట్టాదారు పేరు వేయండి అని. ఆ మాట ఎవరూ కాగితం మీద పెట్టలేదు. మేమూ అడగలేదు. గుమస్తా ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుంటూ పోయాడు, మనుషులు తక్కువై ఆ వారం నాకు తనిఖీ పని కూడా అప్పగిస్తే, ప్రతి పేజీ కింద నేను సంతకం పెట్టుకుంటూ పోయాను. పేజీ చదివి పెట్టలేదు. తుమ్మిన ప్రతి మనిషినీ చూసి వణుకుతున్న రోజుల్లో, తొందరగా ఇంటికి పోవాలని పెట్టాను.

జాబితా ఎక్కడా అంటించలేదు. ఏ వెబ్‌సైట్లోనూ పెట్టలేదు. పైసలు పడ్డవాళ్లకు ఫోన్లో మెసేజ్ వచ్చింది, పడనివాళ్లకు ఏమీ రాలేదు. ఎందుకు పడలేదో చెప్పే దిక్కు లేదు.

బాలమణి

ఆ తర్వాతి ఏడాది శామీర్‌పేట అవతలి ఊరి నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. మండలాఫీసు బయట కూర్చునే టైపిస్టుతో కొట్టించిన ఒక పేజీ. "మా ఊరిలో కరోనా కూరగాయల సాయం ఎవరెవరికి ఇచ్చారు? నా పేరు రాసుకుని పోయారు. జాబితాలో ఉన్నదా? లేకుంటే ఎందుకు లేదు?" కింద బాలమణి అని పేరు, వేలిముద్ర.

నాకు ఒక్క నిమిషం పట్టలేదు. మూడో ఫార్మాటు తీశాను.

పదిహేను రోజుల తర్వాత ఆమే వచ్చింది. యాభైకి దగ్గర వయసు, చేతిలో నేను పంపిన కవరు. బస్సు మారి, జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి నడిచి వచ్చిందట. నా బల్ల ముందు నిలబడి, ఊళ్లో ఇద్దరు చదివారు కానీ ఎవరికీ అర్థం కాలేదు, మీరే రాశారట కదా, మీరే చదివి చెప్పండి అంది. కూర్చోమని చదివాను. వ్యక్తిగత సమాచారం అనే చోట ఆపింది.

"అంటే ఏంది మేడం?"

"అంటే వేరేవాళ్ల సొంత విషయం. బయటికి చెప్పకూడదు."

ఆమె చేతిలో కవరు బల్ల మీద పెట్టింది. "సర్కారు ఇచ్చిన పైసలు ఒక్కల సొంత విషయం ఎట్లయితది? నా ఇంట్ల ఏమొండుకున్ననో అది సొంత విషయం. నా పేరు రాసుకపోయిన్రు, ఆ పేరు ఏమైందో నాకు చెప్పుటానికి సుత మీకు తక్లీఫైతదా?"

ఆమె తన సంగతి చెప్పింది. భర్త లేడు. ఎకరంన్నర కౌలుకు తీసుకుని టమాట, సోరకాయ వేసేది. ఆ ఎండాకాలం పంట అంతా చెట్టు మీదే పోయింది. సాయం వస్తుందన్న నమ్మకంతో మళ్లీ విత్తనానికి అప్పు చేసింది. సాయం రాలేదు, కౌలు కట్టలేకపోయింది, పొలం వేరేవాళ్ల చేతికి పోయింది. ఇప్పుడు మోండా మార్కెట్‌లో ఒక వ్యాపారి దగ్గర కూరగాయలు ఏరే కూలి. "పైసలకోసం రాలే మేడం" అంది లేచి. "ఎవ్వరు నా పేరు తీసిండో తెల్వాలె. అంతే."

నేను నా కింది గుమస్తాతో చెప్పే గొంతుతో, "అప్పీలు చేసుకోండమ్మా, మా పై అధికారి వింటారు" అన్నాను. ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో వేలితో చూపించాను. ఆ వేలు ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

జేడీ సారు

అప్పీలు వినేది మా జాయింట్ డైరెక్టర్. లంచం ముట్టిన మనిషి కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే దాచిపెట్టే అధికారి అనగానే తిన్నాడనుకుంటారు. ఆయన తినలేదు. ఆయనకు గొడవలంటే భయం. ఆ భయం చేసిన నష్టం, తిన్నవాడు చేసేదానికి ఏమీ తక్కువ కాదు.

బాలమణి ఆయన ముందు నిలబడి, మా ఊళ్లో ఎవరికెన్ని గుంటల భూమి ఉందో అందరికీ తెలుసు, ఎవరేం పండించారో అందరికీ తెలుసు, పైసలెవరికి పోయాయో ఒక్కటే తెలియదు, దాచేంత ఏముంది అందులో అని అడిగింది. ఆయన మర్యాదగానే విన్నాడు. "చూడమ్మా, లిస్టిస్తే ఊర్లో పంచాయితీలు మొదలవుతాయి. నీకే ఇబ్బంది" అన్నాడు. ఆమె వెళ్లాక అప్పీలు కొట్టేస్తూ నాతో, "గ్రేస్ మేడం, ఒక్క ఊరికిచ్చామంటే రేపు అన్ని ఊర్లూ అడుగుతాయి" అన్నాడు.

అడగాలి కదా. అడిగితే మనకేం పోతుంది? ఈ ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు. తట్టి ఉంటే నోట్లోంచి వచ్చేది కాదేమో కూడా.

పంచాయితీలు రాకుండా ఆపామనుకున్నాం. కానీ అవి వేరే మనిషి మీదికి పోయాయి.

నర్సింలు

ఆ ఊరికి క్షేత్రాధికారి నర్సింలు. నలభై దాటిన మనిషి, పదిహేనేళ్లుగా ఆ నాలుగైదు ఊళ్లే ఆయన ప్రపంచం. కరోనాలో పొలాలు తిరిగి పేర్లు రాసుకున్నది ఆయనే. ఊరి లెక్క సులువు. మా పేర్లు రాసుకుంది ఈయన, మాకు రాలేదు, వేరేవాళ్లకెవరికో పడ్డాయని వింటున్నాం, కాబట్టి పేర్లు మార్చింది ఈయనే, పైసలు తిని మార్చాడు. జాబితా చూపించే దిక్కు లేనప్పుడు ఊరు ఇంకేం అనుకుంటుంది?

ఒక రోజు ఆయన ఆ ఊరికి పోతే బండి తాళంచెవులు గుంజుకున్నారు. చొక్కా పట్టుకుని పంచాయతీ దాకా నడిపించారు. ముప్పై మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టి పై అధికారులకు ఫిర్యాదు పంపారు. విచారణ అయ్యేదాకా ఆయన్ని సస్పెండ్ చేశారు. సంజాయిషీ ఇవ్వమన్నారు. సంజాయిషీ రాయాలంటే తను ఇచ్చిన రిజిస్టరు నకలు కావాలి. అది మా ఆఫీసులో ఉంది. అడిగితే ఇవ్వలేదు. చివరికి తన చేతిరాత కాగితాల కోసం ఆయన కూడా పది రూపాయలు కట్టి ఆర్టీఐ పెట్టాడు.

ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. మూడో ఫార్మాటు అప్పటికే తెర మీద ఉంది. పేరు మార్చడమే మిగిలింది. ఆగిపోయాను. నర్సింలు నాకు తెలుసు, శిక్షణ తరగతులకు వచ్చినప్పుడు ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాడు. మా శాఖ మనిషి కాబట్టి ఆగాను, బాలమణి దగ్గర ఆగలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. మీ బల్ల మీదికి వచ్చే కాగితాల్లో నూటికి తొంభై, మీకు తెలియని మనిషి దగ్గర్నుంచే వస్తాయి.

బీరువా తెరిచాను. నర్సింలు రిజిస్టరు అడుగున ఉంది. చక్కటి గుండ్రటి రాత. ప్రతి పేరుకెదురుగా పంట, ఎన్ని గుంటలు, సొంతమా కౌలా, చేను చూసిన రోజు. మూడో పేజీలో బాలమణి, కౌలు, టమాట, సోరకాయ, "పంట పూర్తిగా పోయినది." ఆ వరస మీద ఎర్ర గీత. పక్కన గుమస్తా రాతలో పట్టాదారు పేరు. ఆయన మారేడ్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు, ఆ చేను చూసి ఎన్నేళ్లయిందో. పేజీ కింద సంతకం నాది.

ఎవ్వరు నా పేరు తీసిండో తెల్వాలె అని నా ఎదురుగా నిలబడి అడిగింది ఆమె. నేనే తీశాను. ఆ జవాబు నా వెనక బీరువాలో పెట్టుకుని, అది ఇతరుల వ్యక్తిగత సమాచారమని ఆమెకు చదివి వినిపించాను.

కమిషన్ ముందు

రిజిస్టరు తీసుకుని జేడీ సారు గదిలోకి వెళ్లాను. నర్సింలు నిజాయితీగా రాశాడు, మార్చింది మనం, ఊరికి చెప్పేద్దాం అన్నాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పాడు. "ఫోన్లో చెప్పారని ఎక్కడుంది? లేదు. అప్పుడు దీనికి జవాబుదారీ ఎవరు? ఈ సంతకం" అని నా సంతకం మీద వేలు పెట్టాడు. "రిటైర్మెంటుకు ఎన్ని నెలలున్నాయి మీకు?" ఆయన బెదిరించలేదు. నిజంగానే నా మంచికి చెబుతున్నాననుకున్నాడు. నర్సింలుకు మాత్రం రిజిస్టరు నకలు నా అధికారంతో అదే రోజు పంపించాను. విచారణ అధికారి దాన్ని పక్కన పెట్టి, సాయం పడ్డవాళ్ల అసలు జాబితా చూడకుండా ఏమీ తేల్చలేనని రాశాడు. అసలు జాబితా బయటికి రాదు. ఇదీ మేం కట్టిన చక్రం.

ఈలోగా బాలమణి సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసింది. ఎవరు దారి చూపించారో తెలియదు, నేను మాత్రం కాదు. విచారణకు నోటీసు వచ్చింది. అక్కడ చదవాల్సిన జవాబు నాకు ముందే టైపు చేసి ఇచ్చారు, మళ్లీ అదే మూడో ఫార్మాటు, ఈసారి మూడు పేజీలు. రెండు రోజులు నిద్రపట్టలేదు. పెన్షన్ ఆగుతుందేమోనని భయం. మా ఆయన, "నీకు ఏది పెద్ద భయమో చూసుకో" అని ఊరుకున్నాడు. నా సంచిలో టైపు చేసిన జవాబూ పెట్టుకున్నాను, రిజిస్టరూ పెట్టుకున్నాను. గదిలోకి అడుగుపెట్టేదాకా ఏది తీస్తానో నాకే తెలియదు.

ముందు తీసింది టైపు చేసిన జవాబే. కమిషనర్ అది చదివి తలెత్తి, "ఇదేనా మీ మాట?" అని అడిగారు. బాలమణి నా పక్కన రెండు కుర్చీల అవతల కూర్చుని ఉంది. కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటోంది.

"ఇది ఆఫీసు మాట సార్" అన్నాను. "జాబితా ఇవ్వాల్సిందే. అడక్కముందే గోడకు అంటించాల్సింది. కుదరదని రాసింది నేను. ఈమె పేరు కొట్టేసిన పేజీ మీద సంతకం కూడా నాదే." రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. ధైర్యంగా చెప్పానని అనుకోకండి.

ఆయన ఎర్ర గీతలున్న పేజీలు తిప్పి చూశారు. తర్వాత కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. జాబితా, రిజిస్టరు రెండూ ఇవ్వాలి. ఆలస్యానికి జరిమానా నా జీతంలోంచి. న్యాయమే. ఫోన్లో చెప్పినవాళ్ల జీతంలోంచి ఏమీ పోలేదు, అదే నాకు మండుతుంది.

వ్యక్తిగత సమాచారం అన్నాం కదా, దాని సంగతి కూడా చెప్పాలి. బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు నిజంగానే సొంత విషయాలు, వాటిని కాపాడాలి. నల్ల మార్కర్ పట్టుకుని నేను కూర్చుని ఆ గడులన్నీ కొట్టేశాను. రెండు పూటలు పట్టింది. ఒక ఆడమనిషి పొలం పోయి, ఒక ఉద్యోగి పరువు పోయి, ఏడాదిన్నర నడిచిన గొడవకు మందు, నాకు రెండు పూటల పని.

ఊళ్లో

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, మంచి ముగింపు కోసం ఎదురుచూడకండి. బాలమణికి సాయం రాలేదు. ఆ ఊళ్లో పేర్లు పోయిన మిగతా కౌలుదార్లకూ రాలేదు. పథకం ముగిసింది, నిధులు వెనక్కి పోయాయి, ఇప్పుడు చేసేదేమీ లేదని రాశారు. మారేడ్‌పల్లి పట్టాదారు తనకు పడ్డదేమిటో తనకే తెలియదన్నాడు, తెలిశాక తిరిగి ఇస్తాననీ అనలేదు. నర్సింలు మీద ఆరోపణ రుజువు కాలేదని ఇంకో ఆరు నెలలకు తేల్చి, వేరే మండలంలో పోస్టింగ్ ఇచ్చారు. క్షమించమని ఒక్క వాక్యం ఎవరూ రాయలేదు. రుజువు కాలేదు అన్నారే గాని, చేయలేదు అని కూడా అనలేదు.

నకళ్లు పోస్టులో పంపమన్నారు. నేను సెలవు పెట్టి బస్సెక్కి నేనే తీసుకెళ్లాను. పంచాయతీ ముందు వేపచెట్టు నీడలో పాతికమందిదాకా ఉన్నారు. ఆ ఊరి స్కూలు హెడ్‌మాస్టరు ముందు సాయం పడ్డవాళ్ల జాబితా, తర్వాత నర్సింలు రిజిస్టరు చదివాడు. రెండోది చదువుతుంటే జనంలో మాటలు తగ్గుతూ వచ్చాయి. ఎవరేం వేశారో, ఎంత పోయిందో ఉన్నదున్నట్టు రాసి ఉంది. బాలమణి పేరు వచ్చినప్పుడు ఆమె ముందుకు వచ్చి ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. చదువు రాదు, కానీ గీత కనిపిస్తుంది.

"ఈ ఎర్ర గీత ఎవ్వరు కొట్టిన్రు?"

"మా ఆఫీసులో. కింద సంతకం నాది" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు, "మరి నర్సింలు సార్ మీద కాయితం పెడితే నేను సుత ఏలుముద్ర ఏసిన గద" అంది.

ఆ మాటకు అక్కడున్న మగవాళ్లు తలలు దించుకున్నారు. చొక్కా పట్టుకున్నవాళ్లు కూడా వాళ్లలోనే ఉన్నారు.

ఇలాంటిది ఏ ఆడిట్ రిపోర్టులోనూ రాయరు. దాచిన జాబితా పైసలను తప్పు చేతికి ఇవ్వడంతో ఆగలేదు. అన్యాయమైపోయిన ఆడమనిషి చేత, ఆమెకు న్యాయం చేసిన ఒకే ఒక్క మనిషి మీద వేలిముద్ర వేయించింది. ఊళ్లో నమ్మకం ఎందుకు లేదని మన మీటింగుల్లో అడుగుతుంటారు. నమ్మడానికి మనం వాళ్ల చేతికి ఏం ఇచ్చాం?

బాలమణి అప్పుడే నర్సింలు ఇంటికి పోదామంది. మేడ్చల్‌లో ఉంటాడు. ఆటోలో ఇద్దరం వెళ్లాం. అప్పటికి ఆయన సస్పెన్షన్ ఇంకా ఎత్తేయలేదు. తలుపు తీసి మమ్మల్నిద్దర్నీ కలిపి చూసి ఆశ్చర్యపోయాడు. బాలమణి గుమ్మంలోనే ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "సారూ, నా పేరు మంచిగనే రాసినవంట. నాకు తెల్వదు" అంది. 

ఆయన ఆమెను లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. "నీ తప్పేమున్నది బాలమణమ్మా. నీకు ఎవ్వరు సూపెట్టకపాయె. సూపెట్టంది నీకెట్ల ఎరుకైతది" అన్నాడు.

తర్వాత నేను మాట్లాడాను. కమిషన్ ముందు ఏం చెప్పానో చెప్పి, క్షమించమని అడిగాను. ఆయన భార్య చాయ్ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. నర్సింలు గ్లాసు చేతిలో పట్టుకుని కిందికి చూస్తూ కూర్చున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మీరు కమిషన్ల నిజం చెప్పిన్రు మేడం. మంచిదే. శాన మంది చెప్పరు" అన్నాడు. "కని మీరు నకలు పంపకముందు మా బిడ్డ బడికి పోతే, మీ నాయన దొంగనట గద అన్నరు. వారం దినాలు బడికి పోలె ఆ పిల్ల. నాయనా, నువ్వు తియ్యలేదని కాయితం సూపెట్టు, నేను తీస్కపోయి సూపెడ్త అని అడిగింది నన్ను. ఆ కాయితం గప్పుడు సుత మీ బీరువలనే ఉండె."

 బాలమణి చాయ్ తాగకుండానే గ్లాసు కింద పెట్టింది. కాసేపటికి ఇద్దరం లేచి వచ్చేశాం.